ఆ డబ్బా దేనికోసం ఆగుతోంది?



నీ డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మారిస్తే స్పీడు ఎంత పెరుగుతుందని అడిగావు. హెచ్61 బోర్డు, కోర్ ఐ3-2120, 4 జీబీ ర్యామ్, ఒక హార్డ్ డిస్కు. 2011, 2012 ప్రాంతాల్లో మన ఊళ్ళలో ఆఫీసులకీ ఇళ్ళకీ అసెంబుల్ చేసి అమ్మిన మెషీన్లు చాలావరకు ఇలాంటివే. నువ్వడిగినదానికి లెక్కగట్టి ఒక అంకె చెప్పొచ్చు గానీ, ఆ అంకెతో నీకు ఒరిగేదేమీ ఉండదు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: నువ్వు ఒక పని చెప్పి కూర్చున్నప్పుడు ఆ మెషీను దేనికోసం ఆగుతోంది? ప్రాసెసర్ కోసమే ఆగుతుంటే ప్రాసెసర్ మార్చు. ఇంకోదానికోసం ఆగుతుంటే, కొత్తగా వచ్చిన ప్రాసెసర్ కూడా పాతదాని పక్కనే కూర్చుని ఎదురుచూస్తుంది. తక్కువ డబ్బుతో పాత మెషీన్ని నడిపించుకోవాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇది: ప్రాసెసర్ అన్నిటికన్నా చివర కొనాలి, సెకండ్ హ్యాండ్‌లో కొనాలి, ఆ బోర్డు కాలం నాటిదే కొనాలి, అక్కడితో చెయ్యి కడుక్కోవాలి. ఎందుకో చెబుతాను. ఒప్పుకోబుద్ధి కాకపోతే ఎదురు రాయి.

ముందు డిస్కు సంగతి. హార్డ్ డిస్కు పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం తల కిందకి రావడానికి సగటున అరచుట్టు, 4 మిల్లీసెకన్లపైన. ఆ తల సరైన వలయం మీదకి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే 12, 13 మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ళని సెకనుకి 80 చోట్ల నుంచి తేగలిగితే అది తన ధర్మం నెరవేర్చినట్టే. విండోస్ లేచేటప్పుడూ, బ్రౌజర్ తెరిచేటప్పుడూ, నీ ప్రోగ్రామింగ్ ఎడిటర్ తన ఎక్స్‌టెన్షన్లన్నీ పోగుచేసుకునేటప్పుడూ జరిగేది సరిగ్గా ఈ చెల్లాచెదురు చదువుడే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగం లేదు, జరిగే తల లేదు, అదే పని సెకనుకి వేలల్లో చేస్తుంది. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తెలివైన అభ్యంతరమే: హెచ్61 చిప్‌సెట్‌లో సాటా పోర్టులు సెకనుకి 3 గిగాబిట్లవే కదా, ఎస్‌ఎస్‌డీ సగం వేగానికే కట్టుబడిపోదా అని. కట్టుబడుతుంది, పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు. కానీ నిన్ను రోజూ విసిగించేది పెద్ద ఫైళ్ళ కాపీ కాదుగా! చిన్న ఫైళ్ళ దగ్గర ఆ పోర్టు వెడల్పు అడ్డే రాదు. పైగా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టిన డబ్బు ఈ బోర్డుతో పోదు. రేపు ఈ డబ్బా మూలన పడినా, దాన్ని ఊడదీసి కొత్త మెషీన్లో పెట్టుకోవచ్చు. ప్రాసెసర్‌కి ఆ భాగ్యం లేదు. ఏది ముందు కొనాలో తేల్చేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఏ డబ్బు నీ వెంట వస్తుంది, ఏ డబ్బు ఇక్కడే ఆగిపోతుంది.

ఆ తర్వాత ర్యామ్. నీ బోర్డులో రెండే స్లాట్లు ఉంటాయి, రెండూ డీడీఆర్3. 4 జీబీతో ఈ రోజుల్లో బ్రౌజర్లో పది ట్యాబులు తెరిస్తే మిగిలేది అంతంతమాత్రం. ర్యామ్ నిండితే సిస్టమ్ ఆ మిగులుని డిస్కు మీద రాసుకుంటుంది, డిస్కు వేగం ఎంతో పైన చూశావు. రెండు 4 జీబీ స్టిక్కులు వేస్తే రెండు దారుల్లోనూ ఒకేసారి డేటా నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి తెరమీది బొమ్మకి కూడా ప్రాసెసర్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకని ఒక పెద్ద స్టిక్కు కన్నా రెండు సమానమైనవి మేలు. నీకు ఆండ్రాయిడ్ స్టూడియో నేర్చుకోవాలని ఉందన్నావు. దానికి 8 జీబీ కనీసం, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే అదీ ఇరుకే.

ఇవన్నీ నా మాట మీద నమ్మొద్దు, టాస్క్ మేనేజర్ తెరిచి నువ్వే చూడు. మెషీను మొరాయించే సమయంలో పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 100 దగ్గర అతుక్కుని, సీపీయూ 20, 30 మధ్య ఊగుతుంటే ప్రాసెసర్ నిర్దోషి. అయితే ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. నీ ఐ3లో కోర్లు రెండైనా, ఒక్కో కోరు రెండు దారుల్లా పనిచేస్తుంది కాబట్టి సిస్టమ్‌కి నాలుగు ప్రాసెసర్లుగా కనిపిస్తుంది. ఒకే వరుసలో నడిచే పైథాన్ ప్రోగ్రామొకటి ఒక దారిని పూర్తిగా నింపేసినా, మొత్తం అంకె 25 శాతమే చూపిస్తుంది. దాన్ని చూసి ముప్పావు వంతు ఖాళీ అనుకోకు. గ్రాఫు మీద రైట్ క్లిక్ చేసి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా చూపించమను. ఇంకో పని: ఉచితంగా దొరికే ఏదైనా టూల్‌తో ఉష్ణోగ్రత చూడు. ఇన్నేళ్ళ దుమ్ము ఫ్యాన్ కింద పేరుకుని, థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులైతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు నీకు కావలసింది ఒక బ్రష్షూ, చిన్న పేస్టు ట్యూబూ.

సరే, డిస్కు మార్చావు, ర్యామ్ వేశావు, దుమ్ము దులిపావు, అయినా నాలుగు గ్రాఫులూ పైకప్పుకి అంటుకునే ఉన్నాయి. ఇప్పుడు ప్రాసెసర్ మాట మాట్లాడదాం. రెండు కోర్ల నుంచి నాలుగు కోర్లకి వెళ్తే రెట్టింపు వేగం వస్తుందని షాపువాడు చెబుతాడు. జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజినీరు 1967లోనే దీనికి లెక్క చెప్పాడు. పనిలో ఎంత భాగం పంచుకోవడానికి వీలవుతుందో, లాభమంతా ఆ భాగంలోనే. వరికోతకి ఇద్దరి బదులు నలుగురిని పిలిస్తే కోత సగం పొద్దుకే అవుతుంది, పైరు పండడానికి పట్టే నెలలు మాత్రం ఒక్క రోజూ తగ్గవు. ఒక పనిలో 60 శాతమే పంచుకోగలిగినదైతే, కోర్లు రెట్టింపైనా మొత్తం వేగం పెరిగేది 1.43 రెట్లే. 90 శాతం పంచుకోగలిగితే 1.82. పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయడం, వీడియో ఎక్స్‌పోర్ట్ చేయడం ఈ రెండో రకానికి దగ్గరగా ఉంటాయి. నువ్వు రాసే చిన్న పైథాన్ స్క్రిప్టు మొదటి రకం కూడా కాదు, అది ఒంటరి ప్రయాణం. దానికి పనికొచ్చేది ఒక్కో కోరు వేగమే. నీ ఐ3 నడిచేది 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర, కోర్ ఐ5-3470 టర్బోలో చేరేది 3.6. తొమ్మిది శాతం తేడా, తరం మారినందువల్ల ఇంకో చిన్న ముక్క. నీ ఐ3 రెండు కోర్లతోనే నాలుగు దారులు నడిపిస్తోంది కాబట్టి, బాగా పంచుకోగలిగే పనుల్లో కూడా తేడా కాగితం మీది రెట్టింపుని అందుకోదు. ఇదంతా తెలిసీ, నీ పని కంపైలింగో వీడియోనో అయితే ఆ ఐ5 కొనమనే చెబుతాను. చిన్న ఖర్చుకి వచ్చే నికరమైన లాభమది.

ఐ5-3470 అనే ఎందుకు? నీ బోర్డు సాకెట్ ఎల్‌జీఏ 1155. ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు మాత్రమే అందులో కూర్చుంటాయి. 2013లో వచ్చిన నాలుగో తరానికే సాకెట్ 1150 అయిపోయింది. సాకెట్ పేరు కలిసినంత మాత్రాన సరిపోదన్నదీ గుర్తుపెట్టుకో: 1151 అనే పేరు మీదే 2017లో వచ్చిన ఎనిమిదో తరం, అంతకుముందు ఆరు, ఏడు తరాల బోర్డుల్లో పనిచేయలేదు. అందుకే సాకెట్‌తో పాటు బోర్డు కంపెనీ తన వెబ్‌సైట్లో పెట్టే సపోర్ట్ లిస్టు చూడాలి, అందులో ప్రతి ప్రాసెసర్ పక్కనా ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో రాసి ఉంటుంది. ఇక మోడల్ నంబరు చివరి అక్షరం. ఐ5-3470లో కోర్లు నాలుగు, ఐ5-3470టీలో రెండే. అంకెలన్నీ అవే, చివర ఒక్క అక్షరం, సగం ప్రాసెసర్ మాయం! ఐ5-3350పీలో గ్రాఫిక్స్ లేదు, పెట్టాక మానిటర్ నల్లగానే ఉంటుంది. జియాన్ ఈ3-1230 వీ2 చవకలో ఐ7 లాంటిదని ఊరిస్తారు, దానికీ గ్రాఫిక్స్ లేదు, పైగా ప్రతి హెచ్61 బోర్డూ దాన్ని రానివ్వదు. కే అక్షరంతో వచ్చేవి వేగం పెంచుకునే వీలున్నవి, నీ చిప్‌సెట్ ఆ వీలివ్వదు కాబట్టి ఆ అక్షరానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకు. ఐ7-3770కి ఎనిమిది దారులుంటాయి, మంచిదే. కాకపోతే ఆ తరంలో పై మెట్టు అదే కావడంతో ఈ బోర్డులున్నవాళ్ళంతా దాని వెంటే పడతారు, ధర దిగదు. ఐ5కీ దానికీ తేడా కొద్దిపాటిదైతే తీసుకో, లేదంటే ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీ సైజు మీద పెట్టు.

నీ బోర్డు రెండో తరంతో వచ్చింది కాబట్టి మూడో తరం పెట్టే ముందు బయోస్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. ఇది పాత ప్రాసెసర్ ఉండగానే చేసుకోవాలి, కొత్తది పెట్టాక మెషీను లేవకపోతే పాతది తిరిగి పెట్టక తప్పదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోయే ప్రమాదముంది. మన కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు, యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకు. బోర్డు కంపెనీ అప్‌డేటే ఇవ్వకపోతే బెంగలేదు, రెండో తరం ఐ5-2400 పెట్టుకో. అది 95 వాట్ల ప్రాసెసర్ కాబట్టి కూలర్ గట్టిది ఉండాలి. 3470 అయితే 77 వాట్లు, నీ ఐ3 65, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఆ తేడాని గమనించను కూడా గమనించదు. ఏఎమ్‌డీ వాళ్ళ ఏఎమ్4 బోర్డు ఉన్నవాళ్ళకి నా సలహా కొంత మారుతుంది. మొదటి రైజెన్‌తో 2017లో కొన్న బోర్డులకి 2022లో రైజెన్ 5000 వరసకి కూడా బయోస్ దారి తెరిచారు. అలాంటి బోర్డున్నవాళ్ళు ఒకే సాకెట్లో చాలా పైమెట్టుకి ఎక్కొచ్చు, కొత్త ప్రాసెసరే కొన్నా తప్పుపట్టను.

సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ అంటే మీ నాన్న ముఖం చిట్లిస్తాడని తెలుసు. పాత బండి కొన్నట్టే ఇదీ అనుకుంటాడు. ప్రాసెసర్లో తిరిగేది, అరిగేది ఏమీ లేదు. పాత మెషీన్లలో ముందు పోయేవి ఎస్‌ఎంపీఎస్, బోర్డు మీది కెపాసిటర్లు, ఫ్యాన్లు. అందుకే ప్రాసెసర్ పాతది కొనడానికి సందేహించను గానీ, పాత బోర్డు విడిగా కొనమంటే మాత్రం వద్దనే అంటాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఆఫీసుల నుంచి దిగిన ప్రాసెసర్లు దొరుకుతాయి. మూత మీది అక్షరాల్ని చూసి సరిపెట్టుకోకు, షాపులోనే ఒక బోర్డులో పెట్టి, సీపీయూ-జెడ్ అనే టూల్‌లో పేరూ కోర్ల సంఖ్యా చూపించమను. చూపించనంటే పక్క షాపుకి వెళ్ళు.

దీనికన్నా గట్టి అభ్యంతరం విండోస్ వైపు నుంచి వస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, నీ సాకెట్లో పట్టే ఏ ప్రాసెసరూ ఆ గీత దాటదు. మరి చనిపోయే మెషీను మీద డబ్బెందుకు అంటే, నిజమే, విండోసే తప్పనిసరి అయినవాళ్ళకి నేనూ అదే చెబుతాను. మీ కాలేజీ సాఫ్ట్‌వేర్ ఏదైనా విండోస్ మీదే నడిచేదైతే ప్రాసెసర్ ఆలోచన మానుకుని ఎస్‌ఎస్‌డీ ఒక్కటి కొను, దాన్ని తర్వాతి మెషీనుకి తీసుకెళ్ళు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికైతే ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ ఈ మెషీన్ల మీద హాయిగా నడుస్తుంది, అప్‌డేట్లు వస్తాయి. నాలుగో తరంతో మొదలైన ఏవీఎక్స్2 ఆదేశాలు వీటిలో లేవు, అవి తప్పనిసరిగా అడిగే సాఫ్ట్‌వేర్ ఏదైనా నీ దారిలో వస్తే అక్కడ ఆగిపోతావు. ఒక హద్దు పెట్టుకో: ఎస్‌ఎస్‌డీ లెక్క పక్కనపెట్టి, ప్రాసెసర్, ర్యామ్ కలిపిన ఖర్చు, ఆఫీసుల నుంచి దిగిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ధరలో మూడో వంతు దాటుతుంటే ఆ డెస్క్‌టాపే కొను. మూడో వంతు అన్నది నా అంచనా, శాస్త్రమేమీ కాదు. సగం దాకా నువ్వు సాగదీసినా వాదించను.

బిగించే పని గురించి ఎక్కువ రాయను, అది చేత్తో నేర్చుకునేది. ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని మొదలుపెట్టు. ఈ సాకెట్లో పిన్నులు బోర్డు వైపుంటాయి, వెంట్రుకంత సన్నం, వాటి మీద వేలు గానీ గుడ్డ గానీ పడనీయకు. ప్రాసెసర్ మూలనున్న త్రికోణం గుర్తు కలిపి, నొక్కకుండా దాని బరువుతోనే దిగనివ్వు. పాత పేస్టు పూర్తిగా తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టు. కూలర్ కాళ్ళు నాలుగూ ఎదురెదురు మూలల వరసలో నొక్కు. ఊడదీసిన ఐ3ని అమ్మితే వచ్చేది టీ ఖర్చుకి చాలదు, దాచి ఉంచు. ఎప్పుడైనా బోర్డు మొండికేస్తే, తప్పు ప్రాసెసర్‌దా బోర్డుదా తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.

కొనే ముందు బోర్డు మీద అచ్చువేసిన మోడల్ పేరూ, సీపీయూ-జెడ్‌లో కనిపించే బయోస్ వెర్షనూ రాసి పంపు. వాటితో పాటు, ఎడిటర్ తెరిచేటప్పటి డిస్క్ అంకె ఒకటి, నీ ప్రోగ్రాం నడుస్తున్నప్పటి నాలుగు గ్రాఫుల ఫోటో ఒకటి.

మీ పెదనాన్న