పదకొండేళ్ళ దుబాసీ

సమస్య

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. మిషిగన్‌లో ట్రాయ్‌కి వచ్చి పన్నెండేళ్ళవుతోంది. ఆయన కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ఇంకా హెచ్-1 వీసా మీదే ఉన్నారు, గ్రీన్‌కార్డు క్యూ కదలడం లేదు. నాకు హెచ్-4 వీసా, దాని మీద పని చేసుకోవడానికి ఈఏడీ ఉన్నాయి. ఇండియన్ గ్రోసరీలో కౌంటర్‌లో చేస్తాను. పండగలకి ఆర్డర్ల మీద అరిసెలు, కజ్జికాయలు చేసిస్తాను. పాపకి పదకొండు, బాబుకి ఆరు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు.

రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. ఆడమ్స్ రోడ్డు మీది భారతీయ టెంపుల్‌కి వెళ్తే మాత్రం పక్కపక్కనే నిలబడి హారతి తీసుకుంటాం. కిందటి నెల ఆయన విడిపోదామన్నారు. "మా ఫ్రెండ్‌కి తెలిసిన లాయరున్నాడు, ఇద్దరికీ ఆయనే చాలు, ఇద్దరు లాయర్లకి డబ్బు తగలెయ్యడం ఎందుకు" అంటున్నారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది కానీ డౌన్ పేమెంట్‌లో మా నాన్న ఎకరం అమ్మి పంపిన డబ్బుంది. మణికొండలో ఫ్లాట్ అత్తగారి పేరు మీద ఉంది. వేసవి సెలవులకి నలుగురికీ టికెట్లు తీశారు. "అక్కడే పెద్దల మధ్య మ్యూచువల్‌గా తేల్చేసుకుందాం" అంటారు. మా అన్నయ్యేమో "పిల్లల్ని తీసుకుని వచ్చెయ్, తర్వాత సంగతి నేను చూసుకుంటా" అంటాడు. అమ్మ సర్దుకోమంటుంది.

భయమేసి ఒక లాయరమ్మ దగ్గరకి వెళ్ళాను. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుందని పాపని వెంట తీసుకెళ్ళాను. అన్నీ పాపే చెప్పింది. ఆయన ఇచ్చిన కాగితాలు కూడా పాపే చదివి పెడుతోంది. తెలివైన పిల్ల. ఆ రాత్రి పడుకోబోతూ "అమ్మా, ఫిజికల్ కస్టడీ అంటే పోలీసులు పట్టుకుపోతారా" అని అడిగింది. లాయరమ్మ ముందుగా కట్టమన్న రిటైనర్ డబ్బు నా దగ్గర లేదు. ఆయన చెప్పినచోట సంతకం పెట్టెయ్యనా? వేరే లాయర్ని పెట్టుకుంటే గొడవ పెద్దది చేసినట్టవుతుందా?

– పేరు వద్దు, ట్రాయ్, మిషిగన్

సలహా

అమ్మాయ్, కోపం తెచ్చుకోకు. ఇల్లు, ఎకరం, ఫ్లాట్, టికెట్లు, అన్నిటి గురించీ చెప్తాను. కానీ నీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది వాటి కోసం కాదు. పదకొండేళ్ళ పిల్లని విడాకుల లాయరు ముందు కూర్చోబెట్టావు. అమ్మానాన్నల కాపురం ఎలా విడిపోతుందో దాని నోటితోనే చెప్పించావు. పైగా తెలివైన పిల్ల అని మురిసిపోతున్నావు. తెలివైనది కాబట్టే దానికి అంత భయం వేసింది.

ముందు నువ్వడిగిన రెంటికీ జవాబు. సంతకం పెట్టకు. లాయర్ని పెట్టుకో.

ఇద్దరికీ ఒకే లాయరన్న మాట వినడానికి పొదుపుగానే ఉంటుంది. విడాకుల్లో ఒక లాయరు ఒకరి తరఫునే నిలబడతాడు. ఆయన మీ ఆయన లాయరు. ఆ ఆఫీసులో నీకు దక్కేది ఒక కప్పు కాఫీ. రిటైనర్‌కి డబ్బు లేదన్నావు. సంపాదన ఉన్న భర్త చేత భార్య లాయరు ఫీజు కట్టించమని జడ్జిని అడగడానికి మిషిగన్ కోర్టు రూల్స్‌లోనే వీలుంది. మొదటి రోజే ఆ సంగతి మాట్లాడు. "ఇప్పుడేమీ వద్దు, గెలిచాక వాటా ఇవ్వు" అనే లాయరు తగిలితే మాత్రం లేచి వచ్చెయ్. విడాకుల కేసుల్లో అలా వాటా తీసుకోకూడదని అక్కడి లాయర్ల నియమాల్లోనే ఉంది.

తొందరపడాల్సిన పనీ లేదు. మైనర్ పిల్లలుంటే కేసు వేశాక ఆరు నెలలు ఆగాలన్నది మిషిగన్ చట్టం. గట్టి కారణం చూపిస్తే జడ్జి తగ్గించవచ్చు, అంతే. ఆ ఆరు నెలలూ నీకు చాలా అవసరం, ఎందుకంటే విడాకుల డిక్రీ వచ్చిన రోజుతో నీ హెచ్-4 పోతుంది, ఈఏడీ దాని వెంటే పోతుంది. కాబట్టి విడాకుల లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరుతో కూడా ఒక గంట మాట్లాడు. ఇల్లు ఆయన పేరు మీద ఉందని బెంగపడకు. కాపురంలో కూడబెట్టినదంతా పంపకంలోకి వస్తుంది, ఆయన 401కె రిటైర్మెంట్ పొదుపుతో సహా. ఆ పంపకం న్యాయంగా ఉండాలంటుంది చట్టం, సరిగ్గా సగమని ఎక్కడా లేదు. ఎకరం అమ్మిన దస్తావేజు నకలు, డబ్బు పంపిన బ్యాంకు కాగితం మీ అన్నయ్య చేత తీయించు. నీకు మీ అన్నయ్య చెయ్యగల సాయం అదీ, రమ్మని పిలవడం కాదు. అత్తగారి పేరు మీదున్న ఫ్లాట్ సంగతి లాయరుకి చెప్పు గానీ దాని మీద ఆశ పెట్టుకోకు. ఇంకో మాట. మీ ఆయన చెయ్యి చేసుకున్నాడని నువ్వు రాయలేదు. రాయలేదు కాబట్టి జరగలేదని నేననుకోను. ఉంటే పోంటియాక్‌లోని హేవెన్ సంస్థకి ఫోన్ చెయ్, అలాంటి ఆడవాళ్ళకి సాయం చేసేది వాళ్ళే.

ఇక టికెట్లు. లాయరుతో మాట్లాడకుండా విమానం ఎక్కకు. పిల్లలు మిషిగన్‌లోనే ఉంటున్నారు కాబట్టి కస్టడీ తేల్చే అధికారం ఇవాళ అక్కడి కోర్టుకుంది. మీ ఆయన పిల్లల్ని ఇండియా తీసుకొచ్చి ఆపేసినా, మీ అన్నయ్య మాట విని నువ్వే ఆపేసినా చిక్కే. ఆపినవాళ్ళని జడ్జి ఏ కంటితో చూస్తారో వేరే చెప్పాలా? పైగా తిరిగి రావడానికి నీకు ఆయన ఉద్యోగం మీద వచ్చే వీసా తప్ప వేరే దారి లేదు.

అమెరికా డిక్రీ మన దగ్గర చెల్లుతుందా అన్నది కూడా అడిగి తీరాలి. ఈ ప్రశ్నకి సుప్రీంకోర్టు చేత జవాబు చెప్పించినది మన తెలుగు దంపతులే. నరసింహారావు – వెంకటలక్ష్మి కేసని లా చదివేవాళ్ళందరికీ తెలుసు. 1975లో తిరుపతిలో పెళ్ళి. 1980లో భర్త మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చింది. దాంపత్యం బాగుపడే వీలు లేకుండా చెడిపోయిందన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు కదా అంది. మిషిగన్‌లో విడాకులకి చూపించే కారణం దాదాపు అదే. అయితే రెండోవారు తమంతట తాము ఒప్పుకుంటే వేరే లెక్క అని ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి నీ ఒప్పుదల ఎక్కడ, ఎలా రాయాలన్నది నీ లాయరు చూడాలి. మీ ఆయన స్నేహితుడి స్నేహితుడికి ఆ పట్టింపు ఉంటుందా?

పాప సంగతికొస్తాను. మిషిగన్ కస్టడీ చట్టం 1970 నాటిది. పిల్లలకి ఏది మేలో తేల్చడానికి జడ్జి చూడాల్సినవి పన్నెండు. పిల్లల ఇష్టం వాటిలో ఒకటి, అదీ చెప్పగల వయసుందని జడ్జికి అనిపిస్తేనే. ఆ మాట కూడా జడ్జి పిల్లతో విడిగా కూర్చుని అడుగుతారు. అమ్మ మొహం చూస్తూ ఏ పిల్లయినా నాన్న దగ్గరుంటానని అనగలదా? పన్నెండింటిలో ఇంకొకటి, పిల్లకి రెండోవారితో అనుబంధం నిలబడనిచ్చే మనసు మీ ఇద్దరిలో ఎవరికుందన్నది. ఎంతో ప్రేమ గల తల్లులూ తండ్రులూ బోల్తా పడేది ఇక్కడే. నాన్న అమ్మ మీద రాయించిన కాగితాన్ని అమ్మకి చదివి వినిపించిన పిల్ల, మర్నాడు అదే నాన్న కారెక్కి బడికి వెళ్ళాలి. ఆ కారులో అది ఏం మాట్లాడుతుంది?

మన ఇళ్ళల్లో పెద్ద కూతురికి ఈ కొలువు కొత్త కాదులే. తల్లి ఏడిస్తే మంచినీళ్ళు తెచ్చేది అదే. తండ్రి అలిగితే అన్నానికి పిలుచుకొచ్చేదీ అదే. ఒకే గదిలో కూర్చున్న మొగుడూ పెళ్ళాం "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అంటుంటే మధ్యలో కబుర్లు మోసేదీ అదే. "ఎంత బాధ్యతో మా పిల్లకి" అని చుట్టాల ముందు చెప్పుకుంటాం. అమెరికా వెళ్ళాక బ్యాంకు ఫోను, స్కూలు ఈమెయిలు కూడా దాని నెత్తినే పడ్డాయి. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ పిల్ల చేత మాట్లాడించావా, సరే. కాపురం విడిపోయే మాటలు మాట్లాడించకు. ఇక వాట్సాప్‌లో నానమ్మ "ఎవరి దగ్గరుంటావే బంగారం" అంటుంది. అమ్మమ్మ ఇంకో ఊరి నుంచి అదే అడుగుతుంది. ముద్దుకే అడుగుతారు పాపం! జడ్జి తలుపు వేసుకుని జాగ్రత్తగా అడిగే మాటని వీళ్ళు స్పీకర్ పెట్టి అడుగుతారు. మీ అమ్మకి నువ్వు గట్టిగా చెప్పు. మీ అత్తగారికి చెప్పే పని మీ ఆయనకి వదిలెయ్.

ఈ రాత్రి పాప పక్కన కూర్చో. ఎవరూ పట్టుకుపోరని, పోలీసులు రారని చెప్పు. ఫిజికల్ కస్టడీ అంటే ఏ ఇంట్లో ఎన్ని రోజులుంటావన్నది, లీగల్ కస్టడీ అంటే బడి, డాక్టరు లాంటివి ఎవరు తేలుస్తారన్నది, రెండూ అమ్మానాన్నలిద్దరికీ కలిపి ఉండొచ్చని చెప్పు. తేల్చే పని పెద్దవాళ్ళదని, కాగితాలు ఇక చదవక్కర్లేదని చెప్పు. కోర్టులో తెలుగు దుబాసీ కావాలని అడుగు, ఏర్పాటు చెయ్యాల్సింది కోర్టే. లాయరు ఆఫీసులో కూడా ఫోన్‌లో దుబాసీని పెట్టించమను. గుడిలో పరిచయమైన ఆవిడని మాత్రం తీసుకెళ్ళకు, వచ్చే శనివారానికి ట్రాయ్ అంతా తెలిసిపోతుంది. అన్నట్టు, నువ్వు వెళ్ళిన లాయరమ్మ పిల్లని బయట కూర్చోబెట్టమని ఎందుకనలేదు? ఇంకొకరిద్దర్ని చూసి మాట్లాడు. ఓక్లాండ్ కౌంటీ ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కేసులు నడిపిన అనుభవం ఉందా అని అడుగు. పిల్లల గురించి వాళ్ళు నిన్ను ఏమడుగుతారో కూడా విను.

ఒప్పందం రాసేటప్పుడు ఒక సంగతి మరిచిపోవద్దు. పిల్లల్ని ఎత్తుకుపోవడం మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. అలాంటి దేశంలో తల్లిగానీ తండ్రిగానీ పిల్లలతో తమ వంతు రోజులు గడపకూడదని కస్టడీ ఆర్డర్‌లో రాయాలంటుంది మిషిగన్ చట్టం. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మినహాయింపు. అంటే ఆ రాత లేకపోతే పిల్లలు నీతో తెనాలీ రాలేరు, ఆయనతో ఆయన ఊరూ వెళ్ళలేరు. ఎన్నాళ్ళు వెళ్ళాలి, పాస్‌పోర్టులు ఎవరి దగ్గరుండాలి, తిరుగు టికెట్ ఎన్నాళ్ళ ముందు చూపించాలి, ఇవన్నీ మాట్లాడుకుని ఇద్దరికీ ఒకేలా రాయించమని లాయరుకి చెప్పు.