పెరుగు : బరువు తగ్గగోరువారు ఎంచుకొనవలసిన విధము

దక్షిణాసియా దేశములలో పెరుగు ఎరుగని వంటయిల్లు అరుదు. వంగదేశమున తీపి పెరుగైన మిష్టి దోయి, నేపాలునందలి భక్తపురమున మట్టి పాత్రలలో తోడుపెట్టు జూజూ ధౌ, శ్రీలంకలో కితుల్ పానకము పోసికొని తిను గేదె పెరుగు, మహారాష్ట్ర గుజరాతులలో నీరు వడగట్టి చేయు శ్రీఖండము ప్రసిద్ధములు. తెలుగువారికి పెరుగన్నముతో గాని భోజనము పూర్తియైనట్లు తోచదు.

ఇట్టి నిత్యాహారమును గూర్చి, బరువు తగ్గవలసిన వారికి సందేహము కలుగుట సహజము. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణ ప్రకారము, దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 24 మంది అధికమైన బరువు కలిగియున్నారు. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో ఈ సంఖ్య నూటికి 36కు మించినది. మధుమేహము, రక్తపు పోటు, గుండెజబ్బు, కీళ్ల నొప్పులు అధిక భారము వెంట వచ్చుటకు అవకాశము హెచ్చు. కావున బరువు తగ్గుట అందము కొఱకు మాత్రమే కాదు, ఆరోగ్యమునకు అవసరము.

అయితే బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పిన వెంటనే కొందరు పాలు, పెరుగు పూర్తిగా మానివేయుదురు. మరికొందరు పెరుగు తేలికయైన ఆహారమని తలచి, మీగడతోను, పంచదారతోను, ఇష్టము వచ్చినంత తినుచుందురు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. పెరుగును మానవలసిన పనిలేదు. ఏ పాలతో తోడుపెట్టినది, అందులో ఏమి కలిపినది, ఎంత తినునది అను మూడు సంగతులను గమనించిన చాలును.

పెరుగునందు ఏమున్నది?

పాలలోని పోషక పదార్థములు దాదాపు అన్నియు పెరుగులోనికి వచ్చును. 100 గ్రాముల పెరుగులో 3 మొదలు 4 గ్రాముల వరకు మాంసకృత్తులును, సుమారు 120 మొదలు 150 మిల్లీగ్రాముల వరకు కాల్షియమును ఉండును. శాకాహారులకు అరుదుగా లభించు బి-12 విటమినుకు పాలు, పెరుగు ముఖ్యమైన ఆధారములు. తోడునందలి సూక్ష్మజీవులు పాలలోని చక్కెరలో కొంత భాగమును ఆమ్లముగా మార్చును. అందుచేత పాలు త్రాగిన కడుపు ఉబ్బరించు వారిలో పలువురకు పెరుగు సరిపడును.

ఆహారము తగ్గించుకొనునపుడు మాంసకృత్తులు చాలనిచో, శరీరము క్రొవ్వుతో బాటు కండరములను గూడ కోల్పోవును. కాల్షియము చాలనిచో ఎముకలు బలహీనపడును. నడివయస్సు దాటిన స్త్రీలకు ఈ నష్టము మరింత కీడు చేయును. బరువు తగ్గుచున్న రోజులలోనే పెరుగు అవసరము హెచ్చునని దీనివలన గ్రహింపవలెను.

పాలను బట్టి పెరుగు

ఒక గ్రాము మాంసకృత్తులు గాని, చక్కెర గాని 4 కేలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీల నిచ్చును. కావున పెరుగులోని శక్తి ప్రధానముగా పాలలోని వెన్నను బట్టి మారుచుండును. 100 గ్రాముల తీపి కలపని పెరుగులో ఉండు కేలరీలు సుమారుగా ఈ విధముగా నుండును:

1. 6 శాతము వెన్నగల చిక్కని పాల పెరుగు - 90 కేలరీలు
2. 3 శాతము వెన్నగల టోన్డ్ పాల పెరుగు - 60 కేలరీలు
3. 1.5 శాతము వెన్నగల డబుల్ టోన్డ్ పాల పెరుగు - 45 కేలరీలు
4. వెన్న తీసిన పాల పెరుగు - 35 కేలరీలు

గేదె పాలలో సాధారణముగా ఆరు శాతము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వెన్న ఉండును. దినమునకు 200 గ్రాముల పెరుగు తినువారు చిక్కని పాలను విడిచి డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టుకొనినచో, దినమునకు 90 కేలరీలు, ముప్పది దినములకు 2,700 కేలరీలు తగ్గును. మాంసకృత్తులును, కాల్షియమును మాత్రము తగ్గవు. క్రొవ్వుతో బాటు తగ్గునది ‘ఎ’ విటమిను. ఆ లోటు తీర్చుటకై కొన్ని పాలలో ‘ఎ’, ‘డి’ విటమినులను చేర్చుచున్నారు. ఇట్టి సంచులపై ఆంగ్లమున ‘ఎఫ్’ అక్షరమును, కూడిక గుర్తును కలిపిన ముద్ర ఉండును.

కొనునపుడు గమనింపవలసినవి

అంగడిలో పెరుగు కొనువారు డబ్బా ముందు భాగమున నున్న పెద్ద అక్షరములను గాక, వెనుక నున్న పట్టికను చదువవలెను. ‘లో ఫ్యాట్’ అని వ్రాయుటకు మన నిబంధనల ప్రకారము 100 గ్రాములలో క్రొవ్వు 3 గ్రాములకు మించరాదు. కాని ఆ మాట చక్కెరను గూర్చి ఏమియు చెప్పదు. పండ్ల రుచిగల తీపి యోగర్టులలో వెన్న తగ్గినను చక్కెర హెచ్చుగా నుండవచ్చును. పాలకు సహజమైన చక్కెర 100 గ్రాములకు 4 లేక 5 గ్రాములు మాత్రమే. పట్టికలో అంతకు మించి కనబడినచో, మిగిలినది చాలవరకు పైనుండి చేర్చినదని తెలిసికొనవలెను.

‘గ్రీకు యోగర్టు’ అను పేరున అమ్మునది సాధారణముగా నీరు వడగట్టిన పెరుగు. ఇందు మాంసకృత్తులు హెచ్చుగా నుండుటచే ఆకలి త్వరగా వేయదు. కాని చిక్కని పాలతో చేసినచో వెన్నయు అదే విధముగా చిక్కబడును. కావున దీనియందును పట్టికను చూడక తప్పదు. పలుచని గుడ్డలో పెరుగును మూటగట్టి, చల్లని చోట కొన్ని గంటలు వ్రేలాడదీసిన ఇట్టిదే ఇంటిలో తక్కువ వెలకు సిద్ధమగును.

ఇంట తోడుపెట్టు విధము

గేదె పాలు వాడువారు పాలను కాచి, చల్లార్చి, పైన గట్టిన మీగడను తీసివేయవలెను. శీతల యంత్రములో కొన్ని గంటలుంచినచో మీగడ దళసరిగా కట్టి సులభముగా వచ్చును. పిమ్మట పాలను గోరువెచ్చగా చేసి, అర లీటరుకు ఒక చిన్న చెంచాడు తోడు వేసి కలిపి, కదలించక మూతపెట్టవలెను. వేసవిలో ఆరేడు గంటలలో తోడుకొనును; చలికాలమున అంతకంటె ఎక్కువ సేపు పట్టును. తోడుకొనిన వెంటనే చల్లని చోట నుంచినచో పులుపు హెచ్చక, రుచి నిలుచును. తీసిన మీగడను మరల భోజనమున వడ్డించుకొనినచో ఈ శ్రమ యంతయు వ్యర్థమగును.

రుచి చెడకుండ తినుట

ఆహార నియమము పాటించుట యనగా రుచిని విడుచుట కాదు. కీర దోసకాయ, ఉల్లిపాయ, టొమాటో, కొత్తిమీర తరిగి కలిపిన పెరుగుపచ్చడి కడుపు నిండునట్లు చేయును. సొరకాయ, బీరకాయ పెరుగు పచ్చళ్లును మేలైనవి. తిరగమోతకు నూనె కొలిచి వాడవలెను. చిన్న చెంచాడు నూనె 45 కేలరీలు. తీపి కోరువారు బొప్పాయి, జామ, దానిమ్మ గింజలు కలుపుకొనవచ్చును. చిలికి వెన్న తీసి, అల్లము, కరివేపాకు, నిమ్మరసము చేర్చిన పలుచని మజ్జిగ వేసవికి తగిన పానీయము. నాలుగు చెంచాల పంచదార వేసిన లస్సీలో ఆ పంచదార వలననే 80 కేలరీలు చేరును.

పెరుగన్నము విషయమున పెరుగు కంటె అన్నమును కొలుచుట ముఖ్యము. 75 గ్రాముల బియ్యము సుమారు 260 కేలరీలు; అందు కలుపు 100 గ్రాముల డబుల్ టోన్డ్ పాల పెరుగు 45 కేలరీలు మాత్రమే. అన్నమును సగము చేసి, పెరుగును అట్లే యుంచి, తురిమిన క్యారెట్టు, కీర చేర్చినచో కడుపును నిండును, భోజనమును తృప్తిగా ముగియును. నంజుకొను వేయించిన మజ్జిగ మిరపకాయలలోను, ఊరగాయలలోను నూనెయు, ఉప్పును హెచ్చు.

ఎంత తినవలెను? హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో, 2,000 కేలరీల ఆహారమునకు దినమునకు పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు చూపబడినవి. కాఫీ, తేనీటిలోని పాలు గూడ ఇందులోనివే. వైద్యుని యొద్దకు పోయినపుడు తిను పరిమాణమును తగ్గించి చెప్పుట చల్లకు వచ్చి ముంత దాచినట్లగును.

కొన్ని అపోహలు

పెరుగు దానంతట అదే శరీరములోని క్రొవ్వును కరిగింపదు. ఖర్చగు శక్తి కంటె తిను ఆహారములోని శక్తి తక్కువైనపుడే బరువు తగ్గును. పుల్లని పెరుగు లావు చేయుననుటయు సరికాదు; పులుపు ఆమ్లము వలన కలుగునదే గాని క్రొవ్వు వలన కాదు. రాత్రి తినినంత మాత్రమున పెరుగులోని కేలరీలు పెరుగవు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఎలీ మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు పెరుగు వలన దీర్ఘాయువు కలుగునని ప్రచారము చేసెను. ఆయనకు 1908లో లభించిన నోబెల్ బహుమానము మాత్రము రోగనిరోధక శక్తిని గూర్చిన పరిశోధనకు వచ్చినదే గాని పెరుగునకు వచ్చినది కాదు.

వైద్యుని సలహా అవసరమైనవారు

మూత్రపిండముల వ్యాధి గలవారును, మధుమేహమునకు మందులు వాడువారును ఆహారమును మార్చుకొనుటకు ముందు వైద్యుని సంప్రదింపవలెను. గర్భవతులు, బాలింతలు తమంతట తాము బరువు తగ్గు ప్రయత్నము చేయరాదు. రెండేండ్లలోపు పిల్లలకు వెన్న తీసిన పాలు, పెరుగు తగవు. ఇంటిలో పెద్దలు మార్చుకొనినను పసివారి గిన్నెను మార్చరాదు. రక్తపు పోటు గలవారు మజ్జిగలో ఉప్పును తగ్గింపవలెను.

జ్ఞప్తియందుంచుకొనవలసినవి

1. పెరుగును మానవద్దు, వెన్న తగ్గిన పాలతో తోడుపెట్టుకొనవలెను.
2. పంచదారకు బదులు పండ్లు, కూరగాయలు కలుపుకొనవలెను.
3. కొనునపుడు క్రొవ్వును, చేర్చిన చక్కెరను గూడ చదువవలెను.
4. పెరుగన్నములో అన్నమును తగ్గింపవలెను.
5. దినమునకు తిను పెరుగును ఒకే గిన్నెతో కొలుచుకొనవలెను.

ఇంటిల్లిపాదికి వడ్డించి చివరకు తాను తిను గృహిణికి తరచుగా మిగులునది అడుగంటిన మజ్జిగ నీరు మాత్రమే. బరువు తగ్గవలసినది ఆమెయే యైనను, ఆమె వంతు గిన్నెడు పెరుగును ముందుగా తీసియుంచుట ఇంటివారందరి బాధ్యత.