టెండర్ వివాదాలు: కోర్టు ఎంతవరకు చూస్తుంది?

టెండర్‌లో సాధారణంగా రెండు కవర్లు ఉంటాయి. సాంకేతిక బిడ్‌లో అర్హత తేలిన వారి ధరల బిడ్‌నే తెరుస్తారు. అందులో అతి తక్కువ ధర కోట్ చేసినవారే ఎల్-1. గొడవలు ఎక్కువగా మొదటి కవర్ దగ్గరే మొదలవుతాయి.

రమణ దయారాం శెట్టి కేసు (1979) తప్పక చదవాలి. బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంట్ నడపడానికి, ఆ స్థాయి హోటల్ నిర్వహణలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలని ప్రకటించారు. తీరా అప్పగించింది క్యాంటీన్ల అనుభవమే ఉన్న వ్యక్తికి. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన షరతును తానే దాటకూడదని, అది రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని జస్టిస్ పి.ఎన్. భగవతి తేల్చారు. అయినా కాంట్రాక్టు రద్దు కాలేదు! పిటిషనర్ అసలు టెండరే వేయలేదు, పైగా ఆలస్యంగా కోర్టుకెక్కారు. పరీక్షల్లో అభ్యర్థులు బోల్తా పడేది ఈ మెలిక దగ్గరే.

నాలుగు మహానగరాల సెల్‌ఫోన్ లైసెన్సులపై వచ్చింది టాటా సెల్యులార్ కేసు (1994). కోర్టు పరిశీలించేది నిర్ణయం తీసుకున్న తీరునే; అప్పీలు విన్నట్టు బిడ్లకు మార్కులు తిరిగి వేయదు. కోర్టు జోక్యానికి చట్టవిరుద్ధత, అహేతుకత, ప్రక్రియా లోపం అనే మూడు కారణాలు గుర్తుంచుకోండి. జగదీశ్ మండల్ కేసు (2007) ప్రజా ప్రయోజనం దెబ్బతిందా అన్న ప్రశ్ననూ జోడించింది.

మౌలిక వసతుల పనులపై స్టేలకు 2018 సవరణతో నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 20ఎ, 41(హెచ్ఎ) సెక్షన్లు అడ్డుకట్ట వేశాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చి, తర్వాత రద్దు చేసిన జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం మాత్రం రూ.100 కోట్లు, ఆపైన విలువైన పనుల టెండర్ పత్రాలను ముందే న్యాయమూర్తి పరిశీలనకు పంపమంది.