జ్ఞానస్నానం తీసుకుంటేనే పెళ్ళా?



వివాహ సిద్ధపాటు తరగతులకు వచ్చే యువతీయువకులకు నేనొక హాస్య చిత్రం కథ చెబుతుంటాను. అది 2002లో విడుదలైన ‘మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్’. కథ రాసి, నాయికగా నటించిన నియా వర్దాలోస్ కెనడాలో పుట్టిన గ్రీకు కుటుంబపు ఆడపడుచు. గ్రీకేతరుణ్ణి పెళ్ళాడిన తన అనుభవాన్నే మొదట ఏకపాత్ర నాటకంగా ప్రదర్శించి, తరువాత సినిమాగా మలిచారు. సుమారు 50 లక్షల డాలర్లతో తీసిన ఈ చిన్న చిత్రం ప్రపంచమంతటా 36 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది.

చికాగో నగరంలో హోటలు నడుపుకునే గ్రీకు కుటుంబం. ముప్పై ఏళ్ళొచ్చినా కూతురు టూలాకు పెళ్ళి కాలేదని తండ్రి గస్‌కు బెంగ. ఆమె మనసు పడిన ఇయాన్ మిల్లర్ బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే అమెరికన్. పైగా మాంసం ముట్టడు! ఆ సంగతి విన్న దగ్గర బంధువు ఒకావిడ నిర్ఘాంతపోయి, అయితే గొర్రె మాంసం వండుతానంటుంది. వియ్యపురాలు తెచ్చిన కేకు నడుమ చిల్లు చూసి టూలా తల్లి అందులో పూలకుండీ పెడుతుంది. పెళ్ళికూతురు గుడిలో నడిచి వస్తుంటే దిష్టి తగలకుండా బంధువులు తుఫు తుఫుమని ఉమ్ముతారు. మన నాయనమ్మలు చూస్తే ఇందులో వింతేముంది అంటారు.

లోకంలోని ప్రతి మాటా గ్రీకు నుండే పుట్టిందని గస్ వాదన. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన మాబోటివాళ్ళకు ఆయన్ను చూస్తే నవ్వుతోపాటు కొంచెం జాలి కూడా. మన మాటల వరకు ఆయన చెప్పేది చాలావరకు నిజమే మరి! బైబిలు, బిషప్పు, కతోలిక, మూడూ గ్రీకు నుండి వచ్చినవే. ‘కతోలిక’ అంటే సమస్తానికీ చెందినది, అందరిదీ అని అర్థం. ఈ మాట కాస్త జ్ఞాపకముంచుకోండి.

ఇక అసలు విషయం. టూలావాళ్ళ గుడిలో పెళ్ళి జరగాలంటే ఇయాన్‌కు జ్ఞానస్నానం కావాలి. వారిది గ్రీకు ఆర్థడాక్సు సభ. 1054 నాటి చీలికలో మననుండి వేరుపడినా ఏడు సంస్కారాలూ వారికీ ఉన్నాయి. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ నీళ్ళతొట్టిలో కూర్చోబెట్టి, ఒంటికి నూనె పట్టించి అతనికి జ్ఞానస్నానం ఇస్తారు. ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వాను గాని, మనసులో ముల్లు గుచ్చుకున్నట్లైంది. ఆ తరువాత ఇయాన్ టూలాతో మురిసిపోతూ చెప్పిందేమిటి? తాను గ్రీకువాణ్ణయ్యానని! క్రీస్తులోనికి పుట్టిన సంగతి ఎక్కడ పోయింది?

అతణ్ణి తప్పుపట్టలేను. ఆ ఇంట్లో ఎవరూ అతనికి ఆ రెంటి మధ్య తేడా చెప్పలేదు.

మన విచారణల్లోనూ ఇదే జరుగుతోంది. “అబ్బాయి హిందువు ఫాదర్, జ్ఞానస్నానం ఇచ్చేయండి, పై నెలలో ముహూర్తం” అంటూ తల్లిదండ్రులు వస్తారు. ఇచ్చేయడానికి అది ధ్రువపత్రమా? 1983 నాటి తిరుసభ చట్టం 865వ నియమం ప్రకారం, పెద్దవారు తామే కోరుకోవాలి, సత్యోపదేశం పొందాలి, క్రైస్తవ జీవితాన్ని ఆచరించి చూపాలి. పెళ్ళికోసం మతం మారాలని తిరుసభ అడగదు. జ్ఞానస్నానం పొందనివారిని పెళ్ళాడటానికి మేత్రాణుల నుండి మినహాయింపు పొందాలి (1086వ నియమం). అది లేకుంటే వివాహం చెల్లదు. ఆర్థడాక్సు, ప్రొటెస్టంటు సోదరులతోనైతే అనుమతి కావాలి (1124వ నియమం).

వాగ్దానం చేయవలసింది కతోలిక వ్యక్తి ఒక్కరే. తన విశ్వాసాన్ని నిలుపుకుంటానని, బిడ్డలకు జ్ఞానస్నానమిప్పించి కతోలికులుగా పెంచడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. ఆ సంగతి రెండో వ్యక్తికి ముందే తెలియజేయాలి. 1917 నాటి చట్టం ఇద్దరినుండీ హామీ కోరేది. 1970లో ఆరవ పౌలు పాపుగారు దాన్ని మార్చారు. కనుక ఎవరి మెడలూ వంచి గుడిలోకి తేవలసిన పనిలేదు.

మరొకటి, చెప్పక తప్పదు. ఇద్దరూ కతోలికులే, ఇద్దరి జ్ఞానస్నానాలూ మన పుస్తకాల్లోనే ఉన్నాయి. అయినా “మనవాళ్ళు కాదు ఫాదర్” అంటారు. అక్కడ అడ్డం వచ్చింది విశ్వాసమా, కులమా? గస్ అంటే నవ్వుతాం. ఆయన కనీసం జ్ఞానస్నానమైన అల్లుణ్ణి అక్కున చేర్చుకున్నాడు, పెళ్ళికానుకగా ఇల్లు కూడా కొనిచ్చాడు. ఇందాక జ్ఞాపకముంచుకోమన్న మాట ఇక్కడికి తెచ్చుకోండి.

ఈ చిత్రంలో నాకు నచ్చనిది మిల్లర్ దంపతుల చిత్రణ. వాళ్ళకూ ఆ కొడుకు మీద ఆశలుంటాయి కదా? నెమ్మదిగా మాట్లాడే మనుషులు కాబట్టి వారు హాస్యానికి సరుకైపోయారు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇచ్చింది ఎక్కువగా ఇయానే. చివర్లో వారి పాపను గ్రీకు బడికి పంపుతారు. ఆ నిర్ణయం పెళ్ళికి ముందు మాట్లాడుకున్నట్లు కనబడదు. నిజ జీవితంలో గొడవలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అందుకే ఇలాంటి జంటలు ముహూర్తానికి కనీసం ఆరు నెలల ముందు రమ్మంటాను. బిడ్డకు పేరు ఎవరు పెడతారు, ఆదివారం పూజకు ఎవరు తీసుకెళతారు, అత్తవారింట పండుగలకు ఏ మేరకు పాల్గొంటారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జవాబు చెప్పాలి. మొన్న ఒక జంటను అడిగాను. అమ్మాయి అబ్బాయి వంక చూసింది, అబ్బాయి నేల చూశాడు. రెండు వారాలు గడువడిగి వెళ్ళారు. తొందరేమీ లేదని చెప్పి పంపాను.