గుప్పిట్లో ఐదు చింతపిక్కలు

యూకేజీ పిల్లల నోటు పుస్తకం తెరిస్తే పేజీలకు పేజీలు కూడికలే. నాలుగు ప్లస్ మూడు అనగానే ఏడు అని రాకపోతే ఇంట్లో కంగారు మొదలు. కంగారు పడకండి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం బాలవాటికలో, అంటే యూకేజీ స్థాయిలో, పది వరకు అంకెలు గుర్తుపట్టి చదివితే చాలు. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు ఒకటో తరగతిలో. అంటే బోలెడు సమయం ఉంది. పెన్సిల్ పక్కనపెట్టి గుప్పెడు చింతపిక్కలు తీయండి.

ముందు ఐదు పిక్కలు దగ్గరదగ్గరగా వరసలో పెట్టి లెక్కపెట్టించండి. పాప చూస్తుండగానే వాటిని ఎడంగా జరిపి, "ఇప్పుడెన్ని?" అని అడగండి. "ఎక్కువయ్యాయి" అంటే నవ్వకండి. ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే అంటారని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే దశాబ్దాల కిందటే గమనించి రాశాడు. జరిపినంత మాత్రాన లెక్క మారదని తెలిసేదాకా కూడిక బట్టీ పట్టించి లాభం లేదు.

అసలు మలుపు ఆ తర్వాత వస్తుంది. ఐదు పిక్కలు, మూడు పిక్కలు ఇస్తే మొదట్లో అన్నీ కుప్పపోసి ఒకటి నుంచి లెక్కపెడతారు. కొన్నాళ్లకి ఐదుని మనసులో పెట్టుకుని ఆరు, ఏడు, ఎనిమిది అంటారు. ఈ ఒక్క అడుగు పడితే కూడిక సగం వచ్చినట్టే. ఎంత విడమరిచి చెప్పినా ఇది రాదు, దాని అవసరం పుట్టించాలి. ఐదు పిక్కలు లెక్కపెట్టించి మీ గుప్పిట్లో మూసేయండి. పక్కన మూడు పెట్టి "మొత్తం ఎన్ని?" అనండి. బాబు మీ వేళ్ల సందుల్లోంచి తొంగిచూస్తాడు. గుప్పిట మీద వేలితో ఒకటి, రెండు అంటూ ఐదుసార్లు తడతాడు. తట్టనివ్వండి. ఓ రోజు తట్టడం మానేసి, గుప్పిట వంక చూసి "ఐదు" అని, బయటి పిక్క మీద వేలుపెట్టి "ఆరు" అంటాడు. దానికి వారం పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఈలోగా దయచేసి జవాబు అందించకండి.

వేళ్ల మీద లెక్కపెడితే కసిరేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అవసరం తీరాక వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అప్పటిదాకా వాటితోనే పదికి జతలు నేర్పండి. ఏడు వేళ్లు చాపితే మడిచినవి మూడు, ఆరు చాపితే నాలుగు. ఈ జతలు నోటికొచ్చిన పిల్లలు ఎనిమిదికి ఐదు కలపమంటే, ఐదులోంచి రెండు తీసి ఎనిమిదిని పది చేసుకుంటారు. మిగిలిన మూడుతో పదమూడు.

సెలవు రోజున వామనగుంటలు ఆడండి. వైకుంఠపాళి అయితే రెండు పాచికలు వేయండి. నిచ్చెన దాకా చేరాలన్న ఆశతో ఆరూ నాలుగూ వాళ్లే చకచకా కలిపేస్తారు.

గుర్తులు ఆఖర్న. అప్పుడు కూడా 2+3=5 ఒక్కటే రాయించకండి. 5=2+3, 5=4+1 అని తిప్పి కూడా రాయించండి. లేదంటే ఈజీక్వల్‌టూ అంటే "ఇక్కడ జవాబు రాయాలి" అని పిల్లల మనసులో స్థిరపడిపోతుంది. రెండు వైపులా సమానమని తెలియక, పెద్ద తరగతుల్లో సమీకరణాల దగ్గర తడబడతారు.