పాత టైరు – పూలమడి

మన గ్రామములలో ఒకప్పుడు వ్యర్థమైన వస్తువనునది అరుదు. విరిగిన నాగలి పొయ్యిలోనికి కట్టె యయ్యెడిది. చినిగిన చీర బొంత యయ్యెడిది. పేడయు, ఊడ్చిన చెత్తయు పెంటకుప్పలో మురిగి పొలమునకు ఎరువయ్యెడివి. మట్టిలో పుట్టినవి మరల మట్టిలోనే కలిసెడివి. నేడు అట్లు కలియని వస్తువులు మన వీథులలో పెక్కు చేరినవి. వానిలో పాత టైరు ఒకటి.

పూర్వము రబ్బరు వేసవిలో జిగురై, చలికాలమున పెళుసై అంతగా ఉపయోగపడకుండెడిది. 1839వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు ఛార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరునకు గంధకము చేర్చి కాచినచో అది గట్టిపడి, ఎండకును చలికిని తట్టుకొనునని కనుగొనెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపు టైరునకు పేటెంటు పొందెను. నేటి టైరులో రబ్బరుతోపాటు నల్లని కర్బనపు పొడి, గంధకము, జింకు ఆక్సైడు, ఉక్కు తీగెలు ఉండును. అందుచేతనే అది వేల మైళ్ళు పరుగిడగలుగుచున్నది. అందుచేతనే అరిగిన పిమ్మట మట్టిలో కుళ్ళక నిలిచిపోవుచున్నది.

పెరటిలో పారవేసిన టైరు వలన గలుగు కీడు చిన్నది కాదు. దాని గుంటలో వాననీరు నిలుచును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఆ నీటి అంచున గ్రుడ్లు పెట్టును. నీరెండినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావవు; మరల వాన పడగనే ప్రాణము పోసికొనును. ఇట్టి దోమలలో ఆసియాకు చెందిన చారల దోమ యొకటి 1985లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున స్థిరపడినట్లు తెలిసెను. ఓడలలో దిగుమతియైన పాత టైర్లతో అది సముద్రము దాటెనని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

అట్లని టైరును కాల్చుటయు తగదు. కొందరు భోగిమంటలో కట్టెలకు, పిడకలకు బదులు పాత టైర్లను వేయుదురు. ఆ నల్లని పొగ చంటిబిడ్డలకు, వృద్ధులకు, ఉబ్బసము గలవారికి మిక్కిలి హాని చేయును.

బాలబాలికలారా! ఇంటనున్న ఒకటి రెండు టైర్లను పూలమడులుగా మార్చుట సులభము. కారు టైరు ఇందుకు అనువైనది. లోపలి అంచున ఉక్కు తీగె యుండును గనుక దానిని తాకక పై ప్రక్కగోడను కోయవలెను. ఈ కోత పెద్దలు చేయవలసిన పని. క్రింది ప్రక్కగోడకు పలుచోట్ల బెజ్జములు పెట్టవలెను. అడుగున ఇటుక ముక్కలు పరచి, రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. గుంటలన్నియు మట్టితో నిండినచో నీరు నిలువదు. నీరు నిలువనిచో దోమకు తావుండదు.

నేలకన్న ఎత్తుగా నుండుటచే ఇట్టి మడిలో వానకాలమున వేళ్ళు కుళ్ళవు. మొరము నేలగల బడి ఆవరణలో సైతము మొక్కలు పెంచవచ్చును. కాని నల్లని టైరు మన వేసవి యెండకు కాగిపోవును. కావున వెలుపల సున్నము పూసి, మధ్యాహ్నము నీడ పడు చోట నుంచవలెను.

ఇందు బంతి, చామంతి, కనకాంబరము నాటుడు. ఆకుకూరలు, దుంపలు నాటకుడు. టైరు పాతబడిన కొలది జింకు మున్నగు పదార్థములు కొంత మట్టిలోనికి దిగును. తినెడి పంటకు మట్టికుండయో, ఇటుకల మడియో మేలు. టైరు పగిలి పొడి రాలుచున్నచో దానిని తీసివేయవలెను.

అన్ని టైర్లకును తోటలో చోటుండదు. 2022లో భారత ప్రభుత్వము, పాత టైర్లను తిరిగి ఉపయోగములోనికి తెచ్చు బాధ్యతను టైర్ల తయారీదారులపై నుంచుచు నియమములు చేసినది. మిగిలినవానిని సేకరించువారికి అప్పగించుట మన వంతు. అంతవరకు వానిని వాన తడవని చోట నుంచవలెను.

వస్తువును కొనునాడు దాని ధరను విచారింతుము. అది పాతబడిననాడు ఎచటికి పోవునో కూడ విచారించుట పౌరధర్మము. ఈసారి వాన వెలిసిన పిదప మీ పెరటిలోనికి పోయి చూడుడు. టైరులో నీరున్నచో వెంటనే పారబోయుడు. పిమ్మట బంతినారు సంగతి ఆలోచింపుడు.

ప్రశ్నలు

1. పారవేసిన టైరు వలన గలుగు కీడులెవ్వి?
2. టైరుమడిలో నీరు నిలువకుండుటకు ఏమి చేయవలెను?
3. అందు ఆకుకూరలు ఏల నాటరాదు?