సీటు సరే, మంచం ఏదీ?

కారేపల్లి,
ఆగస్టు నెలాఖరు.

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. డిగ్రీ చివరి ఏడాదిలోకి వచ్చాను, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చెయ్యాలనుంది, ఏ యూనివర్సిటీ మంచిదో చెప్పండి మేడమ్ అని రాశావు. చెబుతాను. కానీ నువ్వు అడగనిది ఇంకొకటుంది, నాకు దాని మీదే బెంగ. సీటొచ్చిన నాటి నుంచి సర్కారు సొమ్ము నీ ఖాతాలో పడే నాటి దాకా నువ్వు ఎక్కడ పడుకుంటావు, ఏం తింటావు? హాస్టల్ వార్డెనుగా పనిచేసినన్నాళ్ళూ నా కళ్ళ ముందు జరిగింది ఇదే. సీటు రాక చదువు మానిన పిల్లలు తక్కువ. సీటొచ్చి, చేరి, దసరా సెలవులకని ఇంటికొచ్చి మళ్ళీ బండెక్కని పిల్లలు ఎక్కువ. వాళ్ళలో తెలివైనవాళ్ళే చాలామంది.

అయినా నువ్వు అడిగిందే ముందు చూద్దాం. మన దిక్కు పీజీ ఆలోచన మార్కుల మెమో చేతికొచ్చాకే మొదలవుతుంది. అప్పటికి మిగిలేది సీపీగెట్ ఒక్కటే. ఉస్మానియా వాళ్ళు పెడతారు. ఉస్మానియా, కాకతీయ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన, కోఠి మహిళా విశ్వవిద్యాలయం, వీటన్నిటికీ అదే పరీక్ష. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. మంచి పరీక్షే, తప్పకుండా రాయి. అయితే అంతకంటే ముందే వచ్చి వెళ్ళిపోయేవి రెండున్నాయి. మన పిల్లల్లో వాటి పేరు విన్నవాళ్ళే తక్కువ.

మొదటిది జామ్. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి అదే దారి. దరఖాస్తు సెప్టెంబరులో మొదలై అక్టోబరులో ముగుస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో. అంటే నువ్వు ఈ ఉత్తరం చదివేసరికి నోటిఫికేషన్ వచ్చి ఉంటుంది, లేదా వారం పది రోజుల్లో వస్తుంది. ఆడపిల్లలకూ ఎస్టీలకూ దరఖాస్తు ఫీజు సగమే. ఐఐటీలో సీటొస్తే ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. మనకు దగ్గరలో ఉన్నది సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ. వరంగల్ ఎన్‌ఐటీ కూడా ఎమ్మెస్సీకి జామ్ ర్యాంకు చూసే తీసుకుంటుంది, దానికి సీసీఎంఎన్ అని వేరే కౌన్సెలింగ్ ఉంది.

రెండోది సీయూఈటీ పీజీ. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి అదే దారి. దరఖాస్తులు డిసెంబరు, జనవరి మధ్య తీసుకుంటారు, పరీక్ష మార్చిలో. అప్పటికి నీకు ఆఖరి సెమిస్టరు సగం కూడా గడవదు. ఫలితాలు రాకుండా ఎలా కట్టాలి అని ఆగకు. చివరి ఏడాది చదివేవాళ్ళు కట్టవచ్చు. ఒక జాగ్రత్త: సీయూఈటీలో సరైన జవాబుకు 4 మార్కులిస్తారు, తప్పుకు 1 కోస్తారు. సీపీగెట్లో ఏ ప్రశ్ననూ ఖాళీ వదలొద్దు, ఇక్కడ తెలియనిది ముట్టుకోవద్దు. ఒకే ఏడాది ఈ రెండూ రాసే పిల్లలు అలవాటు కొద్దీ రెండు చోట్లా ఒకేలా రాసి నష్టపోతుంటారు.

మూడూ రాయి. జామ్‌కు చదివిన ఆర్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీ మిగతా రెండింటికీ పనికొస్తుంది, వేరే చదువక్కర్లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుందని భయపడుతున్నావేమో. పాత పేపర్లు జామ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నాలుగైదు పేపర్లు చేస్తే అడిగే తీరు అర్థమవుతుంది. అమీర్‌పేటలో కోచింగ్ అని నీ స్నేహితురాళ్ళు అంటున్నారట. ఆ డబ్బు ఇప్పుడు ఖర్చు పెట్టొద్దు. ఎందుకో చెబుతాను.

మీ నాన్న పత్తీ మిర్చీ వేస్తాడు కదా. పత్తి తీతలు దసరా అటూఇటూగా మొదలవుతాయి. మిర్చి ఖమ్మం యార్డుకు చేరేది సంక్రాంతి దాటాకే. అడ్మిషన్ ఫీజు, మెస్ డిపాజిట్, హాస్టల్ అడ్వాన్సు అడిగేది మాత్రం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. ఇంట్లో ఉన్న ప్రతి రూపాయీ యూరియాగా, పురుగుమందుగా మారి చేలో ఉన్న రోజులవి. యూనివర్సిటీ తేదీలు పెట్టేవాళ్ళలో చేను దున్నినవాడు ఒక్కడూ లేడేమో అనిపిస్తుంది నాకు. అప్పుడు కమీషన్ దుకాణానికి వెళ్తే డబ్బిస్తారు, కాదనరు. రెండు రూపాయల వడ్డీ, పంట వాళ్ళ కొట్టుకే తోలాలన్న షరతు. అంటే ఏడాదికి నూటికి 24. పంట ధర దగ్గర పోయేది వేరే లెక్క.

అందుకని వచ్చే వేసవిలో మిర్చి అమ్మినప్పుడు ఓ 30 వేలు నీ పేరున పోస్టాఫీసులో వెయ్యమని నాన్నతో ఇప్పుడే మాట తీసుకో. అడగడానికి సిగ్గుపడకు. జూన్ వచ్చాక అడిగితే ఆ డబ్బు విత్తనాల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ 30 వేలూ రెండేళ్ళ చదువుకు కాదు, మొదటి మూడు నాలుగు నెలలకు. ఆపైన సర్కారు సొమ్ము అందుకుంటుంది.

అందుకుంటుందా అంటే, అందుకుంటుంది, ఆలస్యంగా. రాష్ట్ర సర్కారు స్కాలర్‌షిప్పులిచ్చే ఈపాస్‌లో రెండు భాగాలుంటాయని నీకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీకి, మెయింటెనెన్స్ నీకు. ఏ భాగమూ చేరిన నెలలో రాదు. ఒక్కోసారి ఆ ఏడాదే రాదు. బకాయిలు ఎంతగా పేరుకున్నాయంటే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు వాటి కోసం బంద్ చేశాయి. కాలేజీకి రావలసింది రాకపోతే వాళ్ళు పట్టుకునేది విద్యార్థి సర్టిఫికెట్లనే. ప్రైవేటు కాలేజీలో సీటు తీసుకోవద్దని నేను చెప్పడానికి ఉన్న పెద్ద కారణం ఇదే. యూనివర్సిటీ క్యాంపస్‌లో కూడా రెగ్యులర్ సీటు వేరు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేరు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కోర్సు పేరు చూసి ఊరుకోకుండా పక్కనున్న ఫీజు కూడా చూడు.

మీ తండాలో పెద్దవాళ్ళు అమెరికా మాట కూడా ఎత్తుతున్నారట. సర్కారు సాయం ఉన్నమాట నిజమే. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు. కేంద్రం ఎస్టీలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తం మీద ఏడాదికి 20 మందికే. విద్యానిధిలో మొదటి వాయిదా వచ్చేది నువ్వు అక్కడ దిగిన కాగితం చూపించాక, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాలు చూపించాక. వీసా కోసం బ్యాంకులో చూపించాల్సిన సొమ్మూ, మొదటి ఫీజూ అంతకుముందే నువ్వు తెచ్చుకోవాలి. అక్కడా ఇక్కడా తీరు ఒకటే, డబ్బు వెనకాల వస్తుంది. ఎమ్మెస్సీ ఇక్కడే చేసి, ఆ మార్కులతో ఆలోచించు. తొందరేం లేదు.

ఎమ్మెస్సీ అయ్యాక డబ్బు లెక్క మారిపోతుంది, అది కూడా తెలిసి ఉండడం మంచిది. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000, ఇంటద్దె అదనం. కేంద్ర గిరిజన శాఖ కింద ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్పులు వేరే ఉన్నాయి. అప్పుడు మీ నాన్నకు నువ్వే పంపవచ్చు. కాబట్టి నువ్వు దాటాల్సింది ఈ రెండేళ్ళే, అందులోనూ మొదటి నాలుగు నెలలే గట్టి గండం. తప్పనిసరై అప్పే చెయ్యాల్సి వస్తే బ్యాంకుకు వెళ్ళు. 4 లక్షల దాకా చదువు అప్పుకు తాకట్టు అడగకూడదు, వాయిదాలు కోర్సు అయ్యాకే మొదలవుతాయి. 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి కూడా ఉంది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తేనే అది వర్తిస్తుంది. నువ్వు చేరే చోటు జాబితాలో ఉందో లేదో ముందు చూసుకో. మేనేజరు తిప్పుతాడు, తిరుగు. కమీషన్ దుకాణం కంటే అదే నయం.

ఇక మంచం సంగతి. ఏ యూనివర్సిటీ కూడా సీటొచ్చిన మొదటి రోజే గది ఇస్తానని రాసివ్వదు. హాస్టల్ దరఖాస్తు వేరు, దాని జాబితా వేరు, అది క్లాసులు మొదలయ్యాక కొన్ని వారాలకు వస్తుంది. అప్పటిదాకా పిల్లలు సీనియర్ల గదుల్లో సర్దుకుంటారు. రూల్సు ఒప్పుకోవు, వార్డెన్లు చూసీచూడనట్టు పోతారు. నేనూ పోయేదాన్ని. అందుకే ఇప్పటి నుంచే నీ కాలేజీలో చదివి వెళ్ళిన అక్కలు ఎక్కడున్నారో కనుక్కో. ఖమ్మం ప్రభుత్వ కాలేజీ నుంచి కాకతీయలో, ఉస్మానియాలో ఎవరో ఒకరు ఉండకపోరు. ఆ ఫోన్ నంబరు ఉంటే ఆ వారాలు గడిచిపోతాయి.

కాకతీయ మనకు దగ్గర. కారేపల్లి జంక్షన్లో ఎక్కితే డోర్నకల్, మహబూబాబాద్, వరంగల్ మీదుగా కాజీపేటలో దిగుతావు. ఆ దగ్గరతనమే చేటు కూడా. ప్రతి పెళ్ళికీ పిలుస్తారు, పత్తి తీతకు కూలీలు దొరకలేదని పిలుస్తారు, నువ్వు వస్తావు, హాజరు పోతుంది, హాజరుతో స్కాలర్‌షిప్ పోతుంది. నన్నడిగితే నీ మొదటి ఆప్షన్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఫీజు తక్కువ, గది దొరికే వీలెక్కువ, కెమిస్ట్రీలో దానికున్న పేరు గురించి మీ లెక్చరర్లే చెబుతారు. సికింద్రాబాదులో దిగి ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి వెళ్ళాలి. తర్వాత ఉస్మానియా క్యాంపస్, ఆ తర్వాత కాకతీయ. జిల్లా కేంద్రాల్లోని పీజీ సెంటర్లలో ఆడపిల్లలకు హాస్టల్ ఉందో లేదో తేల్చుకోకుండా ఆప్షన్ పెట్టకు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది కదా అంటావేమో. అది 2024లో డిగ్రీ క్లాసులతోనే మొదలైంది, నీ తమ్ముడికి అక్కరకు వస్తుంది.

హాస్టల్లో మెస్ బిల్లు డివైడింగ్ పద్ధతిలో వేస్తారు. నెల ఖర్చంతా తిన్న రోజులతో భాగించి తలా ఇంత అంటారు. ఊరికి వచ్చేటప్పుడు ముందుగా రాసిస్తే ఆ రోజులు కోస్తారు, దాన్ని మెస్ కట్ అంటారు. చెప్పకుండా వచ్చేస్తే తినని అన్నానికి డబ్బు కడతావు. బిల్లులు పేర్చుకోకు, చివర్లో నో డ్యూస్ లేకుండా సర్టిఫికెట్ కదలదు. క్యాంపస్‌లో గది దొరక్కపోతే ప్రైవేటు హాస్టల్ కన్నా ముందు గిరిజన సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టల్ అడుగు. 2024 నవంబరు నుంచి ఇంటర్ మొదలు పీజీ దాకా పిల్లలకు మెస్ చార్జీ నెలకు 2,100 చేశారు, అంతకు ముందు 1,500. కూర పలచగానే ఉంటుంది. కానీ నీ చేతి డబ్బు పోదు.

ఏదీ కుదరక ప్రైవేటు హాస్టలే అయితే త్రీ షేరింగో ఫోర్ షేరింగో, గది చూడకుండా ఫోన్లో డబ్బు పంపకు. అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు, మెయింటెనెన్స్ పేరిట ఎంత కోస్తారు, ఖాళీ చేసే ముందు ఎన్ని రోజులు చెప్పాలి అన్నవి రసీదు మీద రాయించుకో. నోటిమాటగా ఒప్పుకున్న యజమాని ఖాళీ చేసే రోజు ఊళ్ళో ఉండడు.

ఆఖరుగా కాగితాలు, ఇవి ఇవాళే మొదలుపెట్టు. ఆన్‌లైన్ ఫారంలో మండలం అన్నచోట కారేపల్లి కోసం వెతకొద్దు, మన మండలం పేరు సింగరేణి. బొగ్గు కంపెనీకి పేరిచ్చిన ఊరు మన మండలంలోదే అయినా ఫారం నింపేవాడికి ఆ సంగతి తెలియదు, మీ సేవలో కూర్చుని నువ్వే చెప్పాలి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు ఇల్లెందు కొత్తగూడెం జిల్లాకు పోయింది, మనం ఖమ్మంలోనే ఉన్నాం. నువ్వు ఇల్లెందులో చదివిన తరగతుల బోనఫైడ్‌లో ఏ జిల్లా రాశారో చూసుకో. 2018లో మీ తండా పంచాయతీ అయింది, ఆధార్‌లో పాత ఊరి పేరే ఉందని మీ అమ్మ చెప్పింది. ఆదాయ సర్టిఫికెట్ ఏడాది దాటితే చెల్లదు, అది మాత్రం అడ్మిషన్ల ముందు తీసుకో. శ్రావణంలో తీజ్ పండుగ తొమ్మిది రోజులూ తండా వదలనంటావని తెలుసు. కౌన్సెలింగ్ తేదీలు కూడా ఒక్కోసారి ఆ రోజుల్లోనే పడతాయి. తీజ్‌కు మొలకెత్తించే గోధుమ బుట్టలకు చెల్లెలు నీళ్ళు పోస్తుంది గాని రిపోర్టింగ్ తేదీ దాటితే సీటు ఇంకొకరిది.

అన్నిటికన్నా ముఖ్యం పేరు. పదో తరగతి మెమోలో మీ ఇంటిపేరు చివర ‘యూ’ అక్షరం ఉంది, ఆధార్‌లో లేదు. ఈపాస్‌కు ఆ ఒక్క అక్షరం చాలు, దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మెమో మార్చడం నెలల పని, ఆధార్ మార్చడం తేలిక. కాబట్టి మెమో ప్రకారం ఆధార్‌నూ, ఆధార్ ప్రకారం బ్యాంకు పాస్‌బుక్కునూ దిద్దించు. ఆదివారం నాన్నతో కలిసి ఇటు రా, వచ్చేటప్పుడు ఆ మూడూ పట్టుకురా. జామ్ ఫారం కూడా ఇక్కడే నింపుదాం, ఫొటో తెచ్చుకో.

మీ వార్డెన్ మేడమ్